డోపింగ్ మీద మనం రాసే సమాధానం తప్పు

మెయిన్స్‌లో డోపింగ్ మీద ప్రశ్న వస్తే మీరేం రాస్తారో నాకు తెలుసు. ఎందుకంటే నేనూ అదే రాశాను. మొదట ఒక నిర్వచనం. తర్వాత వాడా ఎప్పుడు పుట్టింది, నాడా ఎప్పుడు పుట్టింది. మధ్యలో ఉదాహరణగా లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. చివర్లో 'క్రీడాకారుల్లో నైతిక విలువలు పెంపొందించాలి, అవగాహన కల్పించాలి' అని ముగింపు.

ఆ ముగింపు తప్పు అని ఈ వ్యాసంలో వాదిస్తాను. అది కేవలం అసంపూర్ణం అయితే ఇంత రాయక్కర్లేదు. అది బోనులో ఒక్కణ్నే నిలబెట్టి, ఆ బోను దాకా నడిపించుకొచ్చిన వాళ్లను ఇంటికి పంపేస్తుంది. రేపు జిల్లా పాలనలో కూర్చోబోయే మనం అలా ఆలోచించడం అలవాటు చేసుకుంటే నష్టం మార్కులకే పరిమితం కాదు.

మాయాబందర్‌కూ సైకిల్‌కూ ఏమిటి సంబంధం?

ఐరోపా ప్రొఫెషనల్ సైక్లింగ్‌ను నేను అభిమానిగా చూస్తాను. మాయాబందర్‌లో కూర్చుని ఆ గొడవ ఎందుకని అడగొచ్చు. మన దీవులకు సైకిల్ పరాయి ఆట కాదు. 2004 సునామీలో చెట్టును పట్టుకుని బతికి బయటపడ్డ డెబోరా హెరాల్డ్ తర్వాత దేశంలో పేరున్న ట్రాక్ సైక్లిస్ట్ అయింది. నికోబార్ కుర్రాడు ఎసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఎగిల్‌లో జరిగిన జూనియర్ ట్రాక్ ప్రపంచ పోటీల్లో కీరిన్ విభాగంలో రజతం గెలిచాడు. 2019లో జర్మనీలో టీమ్ స్ప్రింట్ స్వర్ణం తెచ్చిన భారత జూనియర్ జట్టులోనూ అతను ఉన్నాడు.

నేను మాట్లాడేది వీళ్ల గురించి కాదు. వీళ్లను చూసి సైకిల్ ఎక్కుతున్న పిల్లల గురించి. మాయాబందర్ నుంచి పోర్ట్‌బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురం చేరాలంటేనే ట్రంక్ రోడ్డు మీద దాదాపు ఒక రోజు పోతుంది. దారిలో జరావాల రిజర్వు దగ్గర కాన్వాయ్ కోసం ఆగాలి. అక్కణ్నుంచి ఢిల్లీ అకాడమీకి సముద్రం దాటి పోవాలి. అంత దూరం వెళ్లిన పదిహేనేళ్ల పిల్లకు హాస్టల్ తిండి, ప్రాక్టీసు, టికెట్టు, జట్టులో చోటు అన్నీ పెద్దల చేతుల్లోనే ఉంటాయి. గ్లాసులో కలిపి ఇచ్చిన పొడి ఏమిటని ఆ పిల్ల అడగగలదా? అడిగితే మర్నాడు జట్టులో ఉంటుందా? నా వాదన మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడింది.

పోటీల్లేని నెలల్లో కనిపించే అసలు ఆట

ప్రొఫెషనల్ రోడ్ సైక్లింగ్ సీజన్ అక్టోబరులో ముగుస్తుంది. మళ్లీ జనవరిలో ఆస్ట్రేలియాలో మొదలవుతుంది. మధ్యలో రేసులు ఉండవు, వార్తలు మాత్రం ఆగవు. ఎవరు ఏ జట్టుకు మారారు, ఏ స్పాన్సర్ తప్పుకున్నాడు, ఎవరి శాంపిల్ తేడా వచ్చింది. ఈ మూడు రకాల వార్తల్ని మనం విడివిడిగా చదువుతాం. కలిపి చదవాలి.

2025 చివర్లో ఏం జరిగిందో చూడండి. ఫ్రాన్స్ జట్టు ఆర్కేయా స్పాన్సర్లు లేక మూతపడింది. బెల్జియంలో లొట్టో, ఇంటర్‌మార్షే జట్లు ఒక్కటయ్యాయి. రెండు జట్ల రైడర్లు ఒకే జట్టులో పట్టరు కాబట్టి కొందరు వీధిన పడతారు. కోఫిడిస్ జట్టు అగ్రశ్రేణి నుంచి కిందికి జారింది. కారణం పాయింట్లు. 2023 నుంచి 2025 వరకు మూడేళ్ల పాయింట్లు కూడి, 2026–28కి అగ్రశ్రేణి లైసెన్సులు ఇచ్చారు. అలాంటి జట్లు 18 మాత్రమే. రైడర్ ఏ చిన్న రేసులో తెచ్చిన పాయింటైనా జట్టు బతుకులో భాగమైంది. ఒప్పందాలు సాధారణంగా డిసెంబరు 31తో ముగుస్తాయి. అంటే ఆగస్టు నుంచి డిసెంబరు దాకా చాలామంది రైడర్లు వచ్చే ఏడాది జీతం ఉంటుందో లేదో తెలియకుండానే తొక్కుతుంటారు.

అదే కాలంలో, అక్టోబరు 30న, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ స్పెయిన్ రైడర్ ఓయిర్ లాస్కానోను తాత్కాలికంగా సస్పెండ్ చేసింది. 2022–24 మధ్య అతని బయోలాజికల్ పాస్‌పోర్ట్‌లో అసాధారణ మార్పులు ఉన్నాయని చెప్పింది. 2008లో సైక్లింగ్‌లోకి వచ్చిన ఈ పాస్‌పోర్ట్ మందును నేరుగా పట్టుకోదు. ఒక మనిషి రక్తం కొలతల్ని ఏళ్ల తరబడి నమోదు చేసి, సహజంగా రాని మార్పుల్ని చూపిస్తుంది. లాస్కానో తాను ఏ తప్పూ చేయలేదన్నాడు. ఆరోపణ వేరు, తీర్పు వేరు. 2017 వుయెల్టాలో క్రిస్ ఫ్రూమ్ శాంపిల్‌లో సాల్బుటమాల్ మోతాదు ఎక్కువుందన్న వార్త కూడా డిసెంబరులోనే బయటికొచ్చింది. 2018 జులైలో అతనిపై కేసు మూసేశారు. కాబట్టి లాస్కానో దోషి అని నేను అనను, మీరూ అనకండి.

నేను చెప్పేది వేరే విషయం. ఆ కొలతలు తీసిన మూడేళ్లలో అతను మరో జట్టు జీతగాడు. నోటీసు మాత్రం అతని ఒక్కడి పేరు మీదే వచ్చింది. అప్పటికి అతను ఉన్న జట్టు తెగతెంపులు చేసుకుంది. ఒక రైడర్ ఏం తినాలో, ఏ కొండ మీద ఎన్ని వాట్ల శక్తితో తొక్కాలో, రాత్రి ఎన్ని గంటలు పడుకోవాలో అన్నీ నేటి జట్లు లెక్కగట్టి చూస్తాయి. అతని రక్తం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు! తిలాపాపం తలా పిడికెడు అంటారు. డోపింగ్‌లో మాత్రం పిడికెళ్లన్నీ ఒక్కడి నెత్తినే పడతాయి.

పై మెట్లు ఎక్కడం అసాధ్యమేమీ కాదు

'జట్టును, కోచ్‌ను ఎలా పట్టుకుంటాం, రుజువులుండవు కదా' అనేవాళ్లకు సైక్లింగ్ చరిత్రే జవాబు.

1998 జులైలో టూర్ డి ఫ్రాన్స్‌కు ముందు ఫ్రాన్స్–బెల్జియం సరిహద్దులో కస్టమ్స్ వాళ్లు ఫెస్టినా జట్టు కారు ఆపారు. నడుపుతున్నది జట్టు సహాయకుడు విల్లీ వోట్. కారు నిండా నిషేధిత మందులు. జట్టు డైరెక్టరే పద్ధతిగా మందులు ఇప్పించామని ఒప్పుకున్నాడు. జట్టు మొత్తాన్ని రేసు నుంచి పంపించేశారు. 1999లో వాడా పుట్టడానికి ఆ కారే కారణం. మీరు నోట్సులో రాసుకున్న సంవత్సరం వెనుక ఉన్నది ఒక రైడర్ నైతిక లోపం కాదు, ఒక జట్టు సరుకు రవాణా.

ఆర్మ్‌స్ట్రాంగ్ ఉదాహరణనూ మనం సగమే రాస్తాం. 2012లో అతని ఏడు టూర్ టైటిళ్లు పోయాయి, నిజమే. కానీ అతని జట్టు డైరెక్టర్ యోహాన్ బ్రుయ్‌నీల్‌కు మొదట పదేళ్ల నిషేధం పడింది. 2018లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాన్ని జీవితకాలానికి పెంచింది. ఈ రెండో వాక్యం మీ సమాధానంలో ఎప్పుడైనా రాశారా?

యూసీఐ నిబంధనల్లో ఇంకోటి ఉంది. ఏడాదిలో ఒకే జట్టు నుంచి ఇద్దరు దొరికితే జట్టునే సస్పెండ్ చేయవచ్చు. 2017లో ఇటలీ జట్టు బార్డియాని ఇలా 30 రోజులు ఇంట్లో కూర్చుంది. 2022లో పోర్చుగల్ జట్టు డబ్ల్యూ52–పోర్టో లైసెన్సే పోయింది. జట్టు యజమానికి నొప్పి తగిలితేనే డాక్టరు చేతిసంచి తెరిచి చూస్తాడు.

మన దేశం లెక్క

ఇక మన ఇంటికి వద్దాం. వాడా లెక్కల ప్రకారం 2023లో భారత్ నుంచి 5,606 శాంపిళ్లలో 213 పాజిటివ్. అంటే 3.8 శాతం. 2024లో 7,113లో 260, అంటే దాదాపు 3.7 శాతం. పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో ఇదే అత్యధికం. 'పరీక్షలు పెంచాం కాబట్టి కేసులు పెరిగాయి' అన్న వాదన మీరు విని ఉంటారు. అదే 2024లో ఫ్రాన్స్ 11,744 శాంపిళ్లలో 91, చైనా 24,214లో 43. మనకంటే ఎక్కువ పరీక్షలు, తక్కువ పాజిటివ్‌లు. వైద్య అవసరానికి ముందే అనుమతి తీసుకున్నవాళ్ల శాంపిళ్లూ ఈ లెక్కలో ఉండొచ్చు కాబట్టి ప్రతి పాజిటివ్ నేరం కాదు. అయినా ఇంత తేడాకు అది సంజాయిషీ కాదు.

2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వచ్చారనగానే అథ్లెట్లు మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. స్టేడియం మరుగుదొడ్లలో సిరంజిలు దొరికాయి. అంతమందికి ఒకేసారి విలువలు లోపించాయని రాస్తారా? పతకం వస్తేనే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, ఉద్యోగం వస్తేనే ఇల్లు గడుస్తుంది అన్న లెక్క ఐరోపా రైడర్ డిసెంబరు 31 లెక్కకు అన్నదమ్ము.

చట్టం లేదా? ఉంది. జాతీయ డోపింగ్ నిరోధక చట్టం 2022లో వచ్చింది. నాడాకు కార్యనిర్వహణ స్వతంత్రత ఇస్తూ 2025లో సవరించారు. ఈ చట్టం అథ్లెట్‌కే కాదు, కోచ్, డాక్టర్, ఫిజియో లాంటి సహాయక సిబ్బందికీ వర్తిస్తుంది. వాడా నియమావళి ఇంకా ముందుకెళ్లింది. మైనర్ దొరికితే ఆ పిల్లల వెనుక ఉన్న సిబ్బందిపై తనంతట తానే దర్యాప్తు జరగాలంటుంది. ఒకే కోచ్ దగ్గరి అథ్లెట్లు ఒకరికి మించి దొరికినా అంతే. కాగితం మీద ఆయుధం ఉంది. దాన్ని వాడుతున్నామా అన్నదే మనం పరీక్షలో, ఆ తర్వాత ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న.

ఎదురువాదం

మీలో చట్టం చదివినవాళ్లు అంటారు: 'స్ట్రిక్ట్ లయబిలిటీ ఉండాల్సిందే. శరీరంలో ఏం దొరికినా అథ్లెటే బాధ్యుడు. లేకపోతే ప్రతివాడూ కోచ్ ఇచ్చాడంటాడు, ఒక్క కేసూ నిలబడదు.' ఒప్పుకుంటాను. శుభ్రంగా ఆడి ఓడిపోయిన పిల్లకు న్యాయం జరగాలంటే ఆ సూత్రం ఉండాలి. దాన్ని తీసేయమని నేను అనడం లేదు. అథ్లెట్ మీద కేసు పెట్టడంతో ఫైలు మూయొద్దు, అక్కడ తెరవండి అంటున్నాను. లంచం కేసులో అటెండర్‌ను పట్టుకుని పై అధికారిని వదిలేస్తే జీఎస్-4లో మనమే పేజీలు పేజీలు తిడతాం కదా. ఇదీ అదే.

సమాధానం ఇలా ముగించండి

'అవగాహన కల్పించాలి' అన్న వాక్యం కొట్టేసి ఈ నాలుగూ రాయండి:

1. మైనర్ దొరికిన ప్రతి కేసులో కోచ్, డాక్టర్‌పై దర్యాప్తు జరగాలి. ఏం తేలిందో ప్రజల ముందు పెట్టాలి.
2. ఒకే అకాడమీ నుంచి ఏడాదిలో ఇద్దరు దొరికితే ఆ అకాడమీకి ప్రభుత్వ నిధులు ఆపాలి.
3. జాతీయ శిబిరాల్లోనే కాదు, రాష్ట్ర, జిల్లా పోటీల్లోనూ పరీక్షలు జరగాలి. ఉద్యోగం తెచ్చే సర్టిఫికెట్టు చాలాసార్లు అక్కడే పుడుతుంది.
4. పిల్లలకు ఇచ్చే ప్రతి సప్లిమెంట్‌కూ రిజిస్టరులో పేరు, బ్యాచ్ నంబరు, ఇచ్చినవాడి సంతకం ఉండాలి.

నాలుగోది చిన్న విషయంలా కనిపిస్తుంది. నా దృష్టిలో అదే అన్నిటికన్నా ముఖ్యం. ఈ దీవుల నుంచి బయల్దేరే పిల్ల 'ఇదేమిటి సార్' అని అడగలేకపోవచ్చు. ఆమె తరఫున ఆ రిజిస్టరు అడుగుతుంది.

సాధన ప్రశ్న: 'అథ్లెట్‌ను మాత్రమే శిక్షించే డోపింగ్ నిరోధక విధానం న్యాయమైనదీ కాదు, ఫలితమిచ్చేదీ కాదు.' చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

రాసి చూడండి. 'నైతిక విలువలు' అన్న మాట వాడకుండా రాయండి.