ఓనర్ కథ సరే, మెకానిక్ కథ ఏది?

ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చిందంటే కాలేజీల్లో రెండు మాటలు బాగా వినిపిస్తాయి. ఒకటి, 'పెద్ద కంపెనీ వస్తేనే కూర్చుంటా' అని స్టూడెంట్ అనేది. రెండోది, గెస్ట్ లెక్చర్‌కి వచ్చిన పెద్దమనిషి చెప్పేది: 'ఉద్యోగాలు వెతకొద్దు, మీరే పదిమందికి ఉద్యోగాలివ్వండి'. కానీ మనలో చాలామందికి నిజంగా ఎదురయ్యేది ఈ రెండూ కాదు. ఎవరో పెట్టిన ఇరవై, ముప్ఫై మంది కంపెనీలో ఒక ఉద్యోగం. ఇంట్లో చెప్తే 'ఆ పేరెప్పుడూ వినలేదే' అంటారు. చర్చ అక్కడితో సరి.

చిన్న జట్టులో పనిచేయడం అంటే ఏమిటో చెప్పడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ మన దగ్గరిది కాదు. అమెరికా స్టాక్ కార్ రేసింగ్‌లో 1992 సీజన్. ఆ కథను మోటివేషన్ స్పీచుల్లో చెప్పేలా చెబితే పనికిరాదు కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది గుర్తుందిగా? అవి రేసు కోసమే పుట్టిన కార్లు. స్టాక్ కార్ అలా కాదు. బయటికి మామూలు రోడ్డు మీద తిరిగే కారులా కనిపిస్తుంది. లోపల మాత్రం ఇనుప గొట్టాల చట్రం, పెద్ద ఇంజిన్. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ట్రాక్ మీద వందల చుట్లు తిరుగుతుంది. ఆ చుట్టు ఒక మైలుకన్నా తక్కువుంటే దాన్ని షార్ట్ ట్రాక్ అంటారు. టెనెసీలోని బ్రిస్టల్, వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ రెండూ అర మైలుకి కాస్త అటూ ఇటూ ఉంటాయి. మన నారాయణ్ కార్తికేయన్ 2010లో అక్కడి ట్రక్కుల సిరీస్‌లో అడుగుపెట్టింది కూడా మార్టిన్స్‌విల్ మీదే. మొదటి రేసులో 13వ స్థానంలో వచ్చాడు.

పెద్ద ట్రాకుల మీద డబ్బు పరిగెడుతుంది. మైళ్ల కొద్దీ యాక్సిలరేటర్ తొక్కిపట్టి పోయే చోట ఎవరి ఇంజిన్‌లో బలం ఎక్కువుంటే వాళ్లదే రాజ్యం. ఆ బలం కొనుక్కోవాలి. షార్ట్ ట్రాక్‌లో కారు సూటిగా పోయేది కాసేపే. వెంటనే బ్రేకు, మలుపు, మళ్లీ బ్రేకు, మలుపు. అక్కడ బ్రేకులు అరిగిపోకుండా చూసుకోవడం, టైర్లను కాపాడుకోవడం, కారు బరువు ఏ చక్రం మీద ఎంత పడుతోందో స్ప్రింగులు సరిచేసి చూసుకోవడం ముఖ్యం. ఇవి డబ్బుతో కన్నా ఓపికతో వచ్చే పనులు. చిన్న జట్లకి షార్ట్ ట్రాకులంటే ఇష్టం అందుకే. అక్కడ నష్టమూ ఎక్కువే అనుకోండి. ఇరుకు చోటు, ఒకరినొకరు గుద్దుకుంటూనే ఉంటారు. బ్రిస్టల్‌లో ఒక చుట్టు అప్పట్లో పదహారు సెకన్ల పని. మీ మెకానిక్ టైర్లు మార్చడానికి ఇరవై సెకన్లు తీసుకుంటే మీరు ఒక చుట్టు వెనకపడ్డట్టే.

అలాంటి జట్టు ఒకటి అలన్ కుల్విక్కీది. విస్కాన్సిన్ రాష్ట్రంలో మిల్వాకీ దగ్గర పుట్టాడు. 1977లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. స్లింగర్ లాంటి పావు మైలు ట్రాకుల మీద తిరిగి నేర్చుకున్నవాడు. రేసర్లలో డిగ్రీ ఉన్నవాడు కనిపించడమే అరుదైన రోజులవి. 1985లో ఉన్నవి చాలావరకూ అమ్మేసి, రేసింగ్ జట్లన్నీ ఉండే షార్లెట్‌కి బయల్దేరాడు. (ఇప్పుడు మన తెలుగువాళ్లు బోలెడుమంది బ్యాంకుల్లో, ఐటీలో పనిచేస్తున్న ఆ షార్లెట్టే.) బయల్దేరడానికి రెండు రోజుల ముందు అతని ట్రక్కు కాలిపోయింది. ట్రైలర్ లాగడానికి ఇంకొకరి ట్రక్కు అడిగి తీసుకుపోయాడు. మరుసటి ఏడాది 1986లో ఒక కారు, రెండు ఇంజిన్లు, పూర్తిసమయం పనిచేసే ఇద్దరు మనుషులు. అంతే జట్టు. దాంతోనే ఆ ఏటి ఉత్తమ కొత్త డ్రైవర్ అవార్డు గెలిచాడు.

ఇక్కడ అందరూ చెప్పే భాగం వస్తుంది. జూనియర్ జాన్సన్ అనే పెద్ద జట్టు యజమాని 10 లక్షల డాలర్లు ఇస్తా, నా కారు నడుపు అన్నాడు. కుల్విక్కీ వద్దన్నాడు. తన జట్టు తనకుండాలన్నాడు. తనకి వస్తుందనుకున్న స్పాన్సర్ కూడా ఆ జాన్సన్ దగ్గరికే పోయింది. 1991 సీజన్ స్పాన్సర్ లేకుండా మొదలైంది. ఆ తర్వాత ఒక రెస్టారెంట్ల కంపెనీ ఒక్క రేసుకని వచ్చి ఉండిపోయింది. 1992లో ఛాంపియన్ అయ్యాడు. 'చూశారా, పెద్ద ఆఫర్ కాదనుకుంటే ఏమవుతుందో!' అని స్పీచ్ ముగుస్తుంది. చప్పట్లు.

నాకు ఈ ముగింపు నచ్చదు. ఆఫర్ కాదన్నందుకు అతను గెలవలేదు. కాదనుకుని ఊరూపేరూ లేకుండా పోయినవాళ్ల గురించి ఎవరూ స్పీచులివ్వరు కాబట్టి మనకి అలా అనిపిస్తుంది. 1992 సీజన్‌ని లెక్కలతో చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది.

ఆ ఏడు 29 రేసులు. అందులో ఎనిమిది షార్ట్ ట్రాకుల మీద. అప్పటి పాయింట్ల పద్ధతిలో ఒక సొగసుంది: డేటోనాలో గెలిచినా, బ్రిస్టల్‌లో గెలిచినా గెలుపుకి 175 పాయింట్లే. రెండో స్థానానికి 170. ఒక్క చుట్టు ముందున్నా 5 అదనం, అందరికన్నా ఎక్కువ చుట్లు ముందుంటే ఇంకో 5. అంటే పేరున్న రేసు, పేరులేని రేసు అని తేడా లేదు. ప్రతి వారం హాజరు వేయించుకోవాలి. కుల్విక్కీ ఏప్రిల్‌లో బ్రిస్టల్‌లో గెలిచాడు. ఆ ట్రాక్ మీద తారు ఉండగా జరిగిన చివరి రేసు అదే, ఆగస్టు రేసు నాటికి కాంక్రీటు పోశారు. జూన్‌లో పొకోనోలో గెలిచాడు. ఏడాది మొత్తమ్మీద అంతే, రెండు గెలుపులు. అతనితో పోటీపడ్డ బిల్ ఎలియట్, డేవీ అలిసన్ చెరి ఐదు గెలిచారు. ఎలియట్ నడిపింది ఎవరి కారనుకున్నారు? అదే జూనియర్ జాన్సన్ కారు.

సెప్టెంబరులో డోవర్‌లో కుల్విక్కీ కారు దెబ్బతింది. మొదటి స్థానానికి 278 పాయింట్లు వెనకపడ్డాడు, మిగిలినవి ఆరు రేసులు. ఒక రేసులో ఎంత బాగా ఆడినా 185కి మించి రావు. దాదాపు అందరూ వదిలేసుకున్న లెక్క. ఆ ఆరింటిలో అతను ఒక్కటీ గెలవలేదు. కానీ ముందున్న ఎలియట్‌కి వరుసగా కష్టాలొచ్చాయి. ఈ జట్టు మాత్రం మార్టిన్స్‌విల్, నార్త్ విల్క్స్‌బరో లాంటి షార్ట్ ట్రాకుల మీద కారుని ఆఖరి చుట్టు దాకా తెచ్చి నిలబెట్టింది.

నవంబరు 15న అట్లాంటాలో ఆఖరి రేసు. అది పెద్ద ట్రాకే. అలిసన్ అందరికన్నా ముందు, 30 పాయింట్ల వెనక కుల్విక్కీ, 40 వెనక ఎలియట్. కుల్విక్కీది ఫోర్డ్ థండర్‌బర్డ్. ఇంగ్లిష్‌లో ఆ పేరుకి ముందున్న రెండు అక్షరాలు తీసేసి 'అండర్‌బర్డ్' అని కారు మీద పెట్టుకున్నాడు. అందరూ చిన్నచూపు చూసేవాడినే నేను అని తనమీద తనే వేసుకున్న జోకు. అలిసన్ ఇంకొకరి కారుతో ఢీకొని పోటీనుంచి పోయాడు. కుల్విక్కీ కారులో మొదటి పిట్ స్టాప్ దగ్గరే ఫస్ట్ గేర్ పోయింది. పిట్‌లో ఆగిన ప్రతిసారీ మెకానిక్‌లు వెనకనుంచి తోస్తేగానీ కదలదు. మన పాత అంబాసిడర్ గుర్తురావడం లేదూ?

అసలు కథ ఇక్కడుంది. క్రూ చీఫ్ పాల్ ఆండ్రూస్ చుట్లు లెక్కపెడుతున్నాడు. ఎవరు ఎన్ని చుట్లు ముందున్నారు, ఆఖరి పెట్రోల్ కోసం ఎప్పుడు పిలవాలి, ఇంకొక్క చుట్టు ముందుంచితే ఏమవుతుంది. చివరికి ఎలియట్ రేసు గెలిచాడు, 102 చుట్లు ముందున్నాడు. కుల్విక్కీ రెండో స్థానం, 103 చుట్లు. ఆ ఒక్క చుట్టుకి 5 పాయింట్లు. ఇద్దరికీ ఆ రోజు 180 చొప్పున వచ్చాయి, పాత తేడా 10 అలాగే ఉండిపోయింది. ఆ 5 అటుపోయి ఉంటే ఇద్దరూ సమానం. సమానమైతే గెలుపులు ఎక్కువున్న ఎలియట్‌దే టైటిల్.

మీరు ఈ కథలో ఎవరు? స్పీచ్ వింటూ అందరం మనల్ని కుల్విక్కీ స్థానంలో పెట్టుకుంటాం. రేపు మీరు చేరబోయేది మాత్రం ఆ కారుని వెనకనుంచి తోసినవాళ్లలో. చుట్లు లెక్కపెట్టినవాళ్లలో. వాళ్లకేం దక్కింది అన్నదే ఉద్యోగం వెతుక్కునేవాళ్లు అడగాల్సిన ప్రశ్న.

మొదట చేదు సంగతి. కుల్విక్కీ దగ్గర పని తేలిక కాదని అప్పట్లో అందరికీ తెలుసు. ప్రతిదీ తను చెప్పినట్టే ఉండాలి, ఎంత రాత్రయినా సరే. చాలామంది వచ్చారు, పోయారు. చిన్న జట్టులో యజమాని స్వభావమే హెచ్ఆర్ పాలసీ. రెండోది ఇంకా కఠినం. టైటిల్ గెలిచి ఐదు నెలలు కాకుండానే, 1993 ఏప్రిల్ 1న, బ్రిస్టల్ రేసుకి వెళ్తూ విమానం కూలి కుల్విక్కీ చనిపోయాడు. 38 ఏళ్లు. ఆ ఏడాదే జట్టు వేరే డ్రైవర్ చేతికి అమ్ముడుపోయింది. ఒక్క మనిషి మీద నిలబడ్డ చోట పనిచేయడమంటే ఇదీ ప్రమాదం. స్టార్టప్‌లో ఇన్వెస్టర్ వెళ్లిపోయినా, కుటుంబ వ్యాపారంలో పెద్దాయన మంచాన పడ్డా జరిగేది దాదాపు ఇదే.

ఇప్పుడు రెండో వైపు. ఆ జట్టులో పనిచేసిన టోనీ గిబ్సన్ 2017లో డేటోనా 500 గెలిచిన కర్ట్ బుష్ కారుకి క్రూ చీఫ్. పాల్ ఆండ్రూస్ ఆ తర్వాత వేరే జట్లలో వేరే డ్రైవర్లకీ గెలుపులు తెచ్చిపెట్టాడు. అక్కడే పనిచేసిన ఇంజినీర్ బ్రయన్ వైట్‌సెల్ హెండ్రిక్ అనే పెద్ద జట్టులో చేరాడు. 1999లో సీజన్ మధ్యలో జెఫ్ గోర్డన్ క్రూ చీఫ్ వెళ్లిపోతే ఆ కుర్చీలో ఇతన్ని కూర్చోబెట్టారు. మొదటి రెండు రేసులూ గెలిచాడు, అందులో ఒకటి మార్టిన్స్‌విల్. జట్టు పోయింది, వాళ్ల పని పోలేదు. ఎందుకంటే ఇద్దరు చేసే పని ఒక్కడే చేసే చోట వాళ్లు బ్రేకులు చూశారు, గేర్‌బాక్స్ చూశారు, లెక్కలూ చూశారు. పైకి వచ్చినవాళ్ల పేర్లే మనకి తెలుస్తాయి, నిజమే. తెలియని పేర్లు కూడా ఉంటాయి. అయినా ఒక్క చిన్న గ్యారేజీ నుంచి ఇంతమంది రావడం ఊరికే జరిగింది కాదనే నా నమ్మకం.

అందుకని నేనేమీ 'చిన్న కంపెనీలోనే చేరండి' అనడం లేదు. ఇంట్లో లోన్ ఉండి, ఒకటో తారీఖు జీతం రాకపోతే గడవని పరిస్థితి ఉంటే పెద్ద కంపెనీయే చూసుకోండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కుల్విక్కీ అన్నీ అమ్ముకుని వెళ్లగలిగాడు, అందరికీ అమ్మడానికి ఉండాలి కదా. అలా కాకుండా రెండేళ్లు సర్దుకోగలిగితే మాత్రం, పేరు వినలేదన్న ఒక్క కారణంతో ఆఫర్ లెటర్ పక్కన పడేయకండి.

చేరేముందు ఏం చూడాలి? ప్యాకేజీ తర్వాత చూడొచ్చు. మొదటి ఆరు నెలల్లో నా చేతికి ఏ పని ఇస్తారు, నా పక్కన కూర్చుని నేర్పేదెవరు, ఆయన ఇంతకుముందు ఏం చేశాడు, అని ముఖం మీదే అడగండి. 'అన్నీ నేర్చుకోవచ్చు' అనే జవాబు జవాబు కాదు. కస్టమర్లు ఎంతమంది అని అడగండి. ఒక్కరే అయితే ఒక్క స్పాన్సర్ ఉన్న జట్టు అన్నమాట. కాలేజీలో బాహా, సుప్రా, ఫార్ములా భారత్ లాంటి పోటీలకి కారు తయారుచేసిన టీమ్‌లో ఉన్నవాళ్లకి ఈ ప్రశ్నలు తేలిగ్గా వస్తాయి. రాత్రి రెండింటికి వెల్డింగ్ ఊడిపోతే ఎవరు లేస్తారో, ఎవరు దుప్పటి ముసుగేస్తారో వాళ్లు చూసే ఉంటారు. రెజ్యుమెలో 'టీమ్ మెంబర్' అని రాసి వదిలేయకుండా, మీ చేతిమీద ఏది జరిగిందో అది రాయండి.

ఇంకో జాగ్రత్త. ట్రైనింగ్ ఫీజు పేరుతో మీ దగ్గరే లక్షలడిగేవాళ్లూ, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకునేవాళ్లూ, మధ్యలో మానేస్తే కట్టాలని బాండ్ రాయించుకునేవాళ్లూ 'మాది చిన్న కంపెనీ బాబూ, అడ్జస్ట్ అవ్వాలి' అనే అంటారు. కుల్విక్కీ మనుషుల్ని సతాయించి ఉండొచ్చు. కానీ వాళ్లు పని చేసినందుకు జీతం ఇచ్చేవాడు, తీసుకునేవాడు కాదు. ఆ తేడా చాలు.

వీలైతే ఆ కంపెనీలో నిరుడు మానేసిన ఒకరి నంబర్ సంపాదించి ఫోన్ చేయండి. ఎందుకు మానేశారు అన్నదాంతో ఆగకుండా, మానేశాక ఎక్కడ చేరారు, అక్కడ ఏ పని ఇచ్చారు అని అడగండి.