రొదు దీవికి వెళ్తే సెలవుకని చెప్పే వెళ్ళండి



మన ఊరి నుండి రైల్వే ఉద్యోగాల మీద సికింద్రాబాదు వెళ్ళి, చిలకలగూడలో స్థిరపడిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వారిలో ఈమధ్యే రిటైరైన ఒక అన్న ఫోను చేశారు. "అయ్యగారూ, పౌలు అడుగుజాడల యాత్ర అని ఒక టూరు కాగితం వచ్చింది. గ్రీసంతా తిప్పి, చివర మూడు రోజులు రోడ్స్ దీవిలో సముద్రం ఒడ్డున ఉంచుతారట. మా ఆవిడకి చాలా ఆశగా ఉంది. ఇది భక్తి యాత్రేనా? గ్రాట్యుటీ డబ్బు పెట్టొచ్చా?" అని అడిగారు. ఇదే ప్రశ్న ఇంకా కొందరి మనసులో ఉందని తెలుసు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. అప్పు చేయకుండా వెళ్ళగలిగితే వెళ్ళండి. కానీ ఆ మూడు రోజులను భక్తి యాత్ర అనకండి. అది సెలవు. సెలవు అని చెప్పుకోవడానికి మన విశ్వాసులకు ఎందుకింత సిగ్గో నాకు అర్థం కాదు.

మన బైబిల్లో 'రొదు' అని ఉన్నదే ఈ రోడ్స్. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం మొదటి వచనంలో ఆ పేరు వస్తుంది. పౌలు బృందం మిలేతులో ఎఫెసు పెద్దల దగ్గర సెలవు తీసుకుని, కోసు మీదుగా రొదుకు, అక్కడి నుండి పతరకు వెళ్ళింది. అంతే. పౌలు అక్కడ ప్రసంగించాడని గానీ, సంఘం స్థాపించాడని గానీ లూకా రాయలేదు. ఇప్పుడు టూరు వాళ్ళు తీసుకెళ్ళేది రోడ్స్ పట్టణానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, తూర్పు తీరాన ఉన్న లిండోస్ అనే ఊరికి. తెల్ల సున్నం వేసిన ఇళ్ళు, కార్లు పట్టని సందులు, కొండ మీద ఎథీనా దేవత గుడి శిథిలాలు. కొండ కింద బండలు దాదాపు చుట్టూ మూసేసిన మడుగులాంటి చిన్న సముద్రపు పాయ, దాని పేరు సెయింట్ పాల్స్ బే. పక్కనే చిన్న తెల్ల చర్చి. పౌలు ఇక్కడే ఒడ్డుకు చేరాడని ఆ ఊరివాళ్ళు నమ్ముతారు. నమ్మనివ్వండి, లేఖనంలో మాత్రం ఆ మాట లేదు. ఆ చర్చి దగ్గర పెళ్ళి చేసుకోవడానికి ఇంగ్లండు నుండి కూడా జంటలు వస్తుంటాయి. ఇసుకలో గొడుగులు, వాటి కింద అద్దె కుర్చీలు.

ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నన్ను ఆపేసే సంగతి వేరే ఉంది. ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటని చిన్నప్పుడు బడిలో చదువుకున్న కొలోసస్ విగ్రహం ఈ రొదుదే. సుమారు 33 మీటర్ల ఎత్తు కంచు సూర్యదేవుడు. క్రీ.పూ. 280 ప్రాంతంలో పూర్తయింది, యాభై అరవై ఏళ్ళు కూడా నిలబడకుండానే భూకంపానికి కూలిపోయింది. పౌలు వచ్చేనాటికి ఆ ముక్కలు ఇంకా నేల మీదే పడి ఉన్నాయి. ఆ శతాబ్దపు రోమా రచయిత ప్లినీ, దాని బొటనవేలిని రెండు చేతులతో చుట్టగలిగేవాళ్ళు కొద్దిమందే అని రాశాడు. ఓడ ఆగితే ఎవరైనా పరుగెత్తి చూసొచ్చే వింత. లూకా దాని గురించి ఒక్క ముక్క రాయలేదు! అదే లూకా నాలుగు వచనాలు దాటగానే తూరులోని సముద్రపు ఒడ్డు గురించి రాశాడు. అక్కడి విశ్వాసులతో ఏడు రోజులే గడిపారు. అయినా భార్యలను, పిల్లలను వెంటబెట్టుకుని అందరూ ఊరి బయటిదాకా సాగనంపడానికి వచ్చారట. ఒడ్డునే మోకాళ్ళూని ప్రార్థించారట. ఆ పిల్లల సంగతి రాయడం మరచిపోలేదాయన.

ఆ ఒడ్డున ప్రార్థన జరిగింది గనుక సముద్రపు ఒడ్డు లోకానుసారమైనదని మనవాళ్ళు కొందరు చెప్పే మాట నేను ఒప్పుకోను. ఆ బోధ వల్ల జరిగిందేమిటంటే, సముద్రం చూడాలనుకున్న మనిషి దానికి యాత్ర అని పేరు తగిలించుకోవలసి వస్తోంది. యాత్ర అంటే దేవుని పని కదా, అప్పు చేసినా తప్పులేదనుకుంటారు. ప్రభుత్వం దగ్గర కూడా ఆ మాటకు విలువుంది. ఆంధ్రప్రదేశ్‌లో యెరూషలేము యాత్ర సాయాన్ని 2019లో, ఏటా 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 40 వేల నుండి 60 వేల రూపాయలకు పెంచారు. ఇక టూరు కాగితాల మీద ఆ మాట ఎందుకుండదు? భోజనానికి కూడా తీరిక లేని శిష్యులను ప్రభువే ఏకాంత స్థలానికి రమ్మని, విశ్రాంతి తీసుకోమన్నాడు. మార్కు 6వ అధ్యాయం చూడండి. ముప్పై ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేసిన మనిషి, ఆయన టిఫిన్ బాక్సు సర్దుతూ తెల్లవారుజామునే లేచిన ఇల్లాలు మూడు రోజులు నీళ్ళ దగ్గర కూర్చుంటే దానికి ఇంకో సాకు అక్కర్లేదు.

వెళ్ళేవాళ్ళు అక్కడి మనుషులను కూడా చూడండి. 2023 జూలైలో రోడ్స్‌లో కార్చిచ్చు రేగి, సుమారు 19 వేల మందిని ఇళ్ళ నుండి, హోటళ్ళ నుండి ఖాళీ చేయించారు. కొందరిని బీచుల నుండి పడవల్లో తీసుకెళ్ళారు. బట్టల సంచి కూడా లేకుండా బయటపడ్డ పరదేశులకు ఆ దీవివాళ్ళు బళ్ళలో, వ్యాయామశాలల్లో చోటిచ్చారు, తిండీ నీళ్ళూ తెచ్చిచ్చారు. అది చదివినప్పుడు నాకు మెలితే ద్వీపం గుర్తొచ్చింది. ఓడ బద్దలై తడిసి వణుకుతున్న పౌలు బృందానికి అక్కడివాళ్ళు నిప్పు రాజేసి పెట్టారు కదా. ఇక్కడ నిప్పు నుండే కాపాడవలసి వచ్చింది.

ఇంకో రెండు మాటలు. జూలై, ఆగస్టుల్లో అక్కడ ఎండ ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవారు లిండోస్ కొండ ఎక్కాలంటే పొద్దున్నే బయల్దేరాలి. అక్కడి చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకునే వెళ్ళాలి. బీచిలో మాత్రం ఎవరి బట్టలు వాళ్ళవి, మీరు చీరతోనే నీళ్ళలో కాళ్ళు పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు.

గ్రాట్యుటీ డబ్బు అమ్మాయి పెళ్ళికో, ఇంటి అప్పుకో చెప్పి ఉంచినదైతే రొదు వద్దు. చిలకలగూడ వాళ్ళకు స్టేషన్ పక్కనే. చెన్నై వైపు వెళ్ళే బండెక్కి బాపట్లలో దిగితే, అక్కడి నుండి ఆటోలో సూర్యలంక వెళ్ళొచ్చు. రెండు పూటల అన్నం కట్టుకుని వెళ్ళండి. అల పెద్దగా ఉన్న రోజు మాత్రం పిల్లల చేయి వదలకండి, నడుము లోతు దాటనివ్వకండి.