వెనక డిస్కుల పిచ్చి

పోయిన సెలవుల్లో నాకో పిచ్చి పట్టింది. ఏబీఎస్ లేని మా నాన్న పాత స్విఫ్ట్‌కి వెనక డ్రమ్ములు పీకేసి, స్క్రాప్‌లో దొరికే డిస్కులు చవగ్గా వేయించాలని! వీడియోల్లో చూస్తే చాలా ఈజీ.

మా వీధి మెకానిక్ బాబాయ్ నవ్వి, "హ్యాండ్‌బ్రేక్ ఎక్కడ పెడతావురా?" అన్నాడు. నిజమే, ఆ కేబుల్ లాగేది డ్రమ్ములోని లైనర్లనే. దానికి సరిపడా కాలిపర్ దొరికినా అసలు తంటా వేరే. బ్రేక్ తొక్కగానే బరువు ముందుకి పోతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అక్కడ పట్టు ఎక్కువైతే అవే ముందు లాక్ అయ్యి బండి వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. తక్కువైతే ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. అందుకే కంపెనీ వెనక్కి వెళ్ళే ప్రెషర్‌ని ఆ డ్రమ్ములకి తగ్గట్టే లెక్కేసి పెడుతుంది. ఆ లెక్క మళ్ళీ సరిచేసి టెస్ట్ చేయించే డబ్బు లేనప్పుడు ఈ పని మొదలుపెట్టకూడదనే అంటాను. మన కోడ్‌లో బగ్ వస్తే మళ్ళీ రన్ చేసుకుంటాం. ఇక్కడ వెనక సీట్లో అమ్మ కూర్చుంటుంది.

చివరికి లైనర్లు, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించాం. అన్నట్టు, ఎక్కువ పని చేసే ముందు బ్రేకుల ప్యాడ్లు అప్పటికే అరిగి రేకుల్లా ఉన్నాయి. నేను అటువైపు చూడనే లేదు.