పదవి ముగిసింది, దస్త్రం ముగియలేదు

జూన్ నెల వచ్చిందంటే భీమ్‌గల్‌లో మీ సేవా కేంద్రాల ముందు మన తల్లులు వరుస కడతారు. బీడీలు చుట్టి బిడ్డలను ఇంటర్ దాటించినవారు వీరిలో పెక్కుమంది. వారు కోరేది బీసీ-ఇ కుల ధ్రువీకరణ పత్రం. ఆ పత్రం వెనుక మన ఉమ్మడి నిజామాబాదు జిల్లా నాయకుడొకరి రాజకీయ జీవితంలోని ముఖ్య ఘట్టం ఉన్నది.

మహమ్మద్ షబ్బీర్ అలీ 1989లో కామారెడ్డి నుంచి శాసనసభకు గెలిచి, యువకుడిగానే మంత్రి అయ్యారు. 2004లో మళ్లీ గెలిచి రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో విద్యుత్తు శాఖ చూశారు. ఆయన పేరు విద్యుత్తు కంటే రిజర్వేషన్లతోనే జనం నోట నిలిచింది. ఆ పని ఆయన ఒక్కరిదే కాదు. అయినా మంత్రివర్గంలో మన గొంతుగా నిలిచి, ఆ దస్త్రాన్ని వెంటబడి నడిపించినవారిలో ఆయన ముందున్నారు.

ఆ దస్త్రం నడిచిన తీరు మన యువకులు తెలుసుకోవలసినది. 2004 జులైలో ఒక్క జీవోతో ముస్లింలకు 5 శాతం ఇచ్చారు. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదని హైకోర్టు సెప్టెంబరులోనే కొట్టివేసింది. 2005లో చట్టమే చేశారు. వెనుకబాటును సక్రమంగా నిర్ధారించలేదని అదీ నిలువలేదు. గుమాస్తాగిరీలో జీవితం గడిపిన మాకు ఇందులో వింత తోచలేదు. ఆధార పత్రాలు జతచేయని నోట్ ఎంత మంచిదైనా తిరిగి వస్తుంది.

మూడోసారి తొందరపడలేదు. విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ చేత అధ్యయనం చేయించారు. బీసీ కమిషన్ నివేదిక తెప్పించారు. మతం పేరుతో కాక, వెనుకబడిన వర్గాల పేర్లతో జాబితా కూర్చారు. షేక్, ఖురేషీ, ఫకీర్, ధోబీ, హజామ్, అత్తరు సాయిబులు అందులోకి వచ్చారు. సయ్యద్, పఠాన్, మొఘల్ రాలేదు. రానివారికి నొప్పి కలిగింది, నిజమే. కాని ఆ గీత గీయకుంటే చట్టం వారం రోజులైనా నిలిచేది కాదని మా అభిప్రాయం. అప్పటికే బీసీలకు 25, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, మొత్తం 46 శాతం ఉన్నది. 50 శాతం హద్దు దాటకుండా మిగిలింది 4. అందుకే 2007 చట్టంలో 5 కాస్తా 4 అయినది.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు 14 వర్గాలకు అది కొనసాగేలా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. అంటే ఇన్నేండ్లుగా మన బిడ్డలు చేరిన ఇంజనీరింగు, వైద్య కళాశాలల సీట్లన్నీ ఒక మధ్యంతర ఉత్తర్వు నీడలో దక్కినవే. ఈ మాట మన సభలలో ఎవరూ ఎత్తరు.

ఇక ఆ నాయకుని సంగతి. 2014లో, 2018లో కామారెడ్డి ఆయనను ఓడించింది. మధ్యలో శాసనమండలిలో ప్రతిపక్ష నేతగా పనిచేశారు. 2023లో కామారెడ్డి స్థానాన్ని పార్టీ అధ్యక్షునికి వదలి, నిజామాబాదు అర్బన్‌లో నిలబడి ఓడిపోయారు. సొంత ఊరి సీటు వదులుకొమ్మన్నప్పుడు మన నాయకులే ఎందుకు వదులుకోవలసి వస్తుందో ఆ పార్టీ పెద్దలు చెప్పాలి. 2024 జనవరిలో ప్రభుత్వ సలహాదారు పదవి ఇచ్చారు. సలహాదారుకు మంత్రివర్గ సమావేశంలో ఓటుండదు. 2023 డిసెంబరు మొదలు 2025 అక్టోబరు 31న అజారుద్దీన్ ప్రమాణం చేసేదాకా రాష్ట్ర మంత్రివర్గంలో ముస్లిం ఒక్కరూ లేరు.

ఆయన లోపాలపై విమర్శలు మాకూ ఉన్నవి, మరోసారి రాస్తాము. ఇప్పుడు మేము అడిగేది వేరు. రాజ్యాంగ ధర్మాసనం ముందు ఆ కేసు విచారణకు వచ్చిన నాడు, వెనుకబాటుకు తాజా లెక్కలతో ప్రభుత్వ వకీలు చేతికి దస్త్రం అందించేదెవరు? మన మండలంలో బీసీ-ఇ కింద ఎందరు చదివారు, ఎందరు ఉద్యోగాలలో చేరారు, ఎన్ని ఇండ్లు ఇంకా బీడీల మీదనే బతుకుతున్నవి అనే పట్టిక ఏ మసీదు కమిటీ వద్దనైనా ఉన్నదా? భీమ్‌గల్‌లో మేము అడిగిన మూడు చోట్లా లేదన్నారు. వచ్చే నెల నుంచి వీధి వారీగా రాయడం మొదలుపెడుతున్నాము. డిగ్రీ చదివిన అమ్మాయిలు నలుగురు ముందుకు వచ్చారు, రిజిస్టర్లు కొన్నాము.