అమెరికా తలుపు తెరచినదెవరు?

ఉప్పల్, నాచారము ప్రాంతముల విద్యావంతులగు గృహస్థులతో మాకొక వివాదము కలదు. దానిని మనసులో నుంచుకొని మర్యాదకై మౌనము వహించుటకంటె బహిరంగముగా చెప్పుటయే స్నేహధర్మమని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ పేటలలో అమెరికా ప్రసంగము లేని యిల్లరుదు. వీసాకై యెన్నడు దరఖాస్తు పెట్టవలెనో, ఇల్లు తాకట్టు పెట్టినచో బ్యాంకువారెంత అప్పిత్తురో, చిల్కూరు బాలాజీ గుడిచుట్టు ఎన్ని ప్రదక్షిణములు మ్రొక్కుకొనవలెనో వంటయింటిలోని అవ్వకు సైతము తెలియును. కాని ఆ దేశపు తలుపు మనవారికెప్పుడు తెరువబడినది, ఎవరు తెరచిరి అని యడిగినచో పట్టభద్రులును ఒకరి మొగమొకరు చూచుకొందురు. కొంత తడవునకు తండ్రి గర్వముతో, "మావాని తెలివియే తెరచినది" అనును. ఈ ప్రత్యుత్తరము చరిత్రకు విరుద్ధము. అంతకు మించి కృతఘ్నము. దీనిని ఖండించుటయే మా యుద్దేశము.

తెలివియే తాళపుచెవి యైనచో ఆ తలుపు మనకు మొదటినుండియు తెరచియే యుండవలసినది. చరిత్ర యేమి చెప్పుచున్నది? వలసవచ్చినవారిలో తెల్లజాతి స్వతంత్రులు మాత్రమే పౌరులు కావచ్చునని 1790లో అమెరికా శాసనసభ చట్టము చేసెను. అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము రద్దయిన పిమ్మట, 1870లో ఆఫ్రికా సంతతివారికి ఆ హక్కు కలిగినది గాని ఆసియావాసులకు కలుగలేదు. 1917నాటి చట్టము మన దేశముతో కూడ ఆసియాలో పెద్దభాగము చుట్టు గీత గీసి, ఆ గీతలోపలివారిని రానీయరాదని శాసించినది.

1923లో భగత్ సింగ్ థిండ్ అను పంజాబు సిక్కు, మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యములో పనిచేసినవాడు, తాను పౌరుడగుటకర్హుడనని ఆ దేశపు సుప్రీముకోర్టు నెదుట నిలిచెను. ఆయన పక్షమున చేయబడిన వాదమేమి? మనుష్యులను రంగునుబట్టి విభజించుట అధర్మమనియా? కాదు. తాను ఉన్నతకులజుడైన ఆర్యుడు గనుక తెల్లవాడే యని! అమెరికాలో తెల్లవాడు నల్లవానితో వియ్యమునెట్లు రోయునో, మన దేశమున అగ్రకులజుడును ఆదివాసులతో వియ్యము నట్లే రోయునని! కులగర్వమునే యోగ్యతాపత్రముగా న్యాయపీఠము ముందుంచిరి. న్యాయమూర్తులు దానిని ఏకగ్రీవముగా త్రోసిపుచ్చిరి. సామాన్యుని దృష్టిలో ఇతడు తెల్లవాడు కాడని వారు తీర్పు చెప్పిరి. అంతకుముందు పౌరులైన మన దేశీయుల పౌరసత్వమును సైతము రద్దు చేయుటకు ప్రభుత్వము పూనుకొనెను. తక్కువవారిని త్రొక్కి పై మెట్టెక్కజూచినందుకు లభించిన ఫలమిది.

తెలివి మాటకు వత్తము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని మించిన మేధావిని ఏ యింటివారు చూపగలరు? హార్వర్డులో ఆయన కండరములకు బలమునిచ్చు రసాయనముల మర్మమును శోధించిరి. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లపు నిర్మాణము, ఆరియోమైసిన్ మొదలగు ఔషధములు లోకమునకు లభించినవి. అట్టి మహనీయునికి 1946 వరకు ఆ దేశపు పౌరసత్వమును కోరుటకే చట్టము అవకాశమీయలేదు. 1948లో ఆయన గతించిరి. ఆ తెలివికి తెరచుకొనని తలుపు మీవాని తెలివిని చూచి తెరచుకొన్నదనుట యెట్లు పొసగును?

1946లో చట్టమును సడలించినపుడైనను, అప్పటికింకను విడిపోని విశాల భారతదేశమంతటికిని ఏటికి 100 మందిని మాత్రమే రానిచ్చిరి. ఈ నూరు అను కట్టడి తెగినదెట్లు? 1955 డిసెంబరు 1వ తేదీన మాంట్‌గొమరీ పట్టణమున రోజా పార్క్స్ అను కుట్టుపని చేయు వనిత, తెల్లవానికై బస్సులో తన స్థానమును విడువనని కూర్చుండెను. ఆమెను నిర్బంధింపగా ఆ యూరి నల్లవారు 381 దినములు బస్సెక్కలేదు. కూలినాలి చేయు స్త్రీలు వానలో, ఎండలో మైళ్ళకొలది నడచిరి. వారి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ గాంధీమహాత్ముని మార్గమును గురువుగా నెంచి 1959లో మన దేశమునకు వచ్చెను. 1963లో బర్మింగ్‌హామున శాంతియుతముగా నడచు బాలబాలికలపై పోలీసులు కుక్కలను వదలిరి. ఆ యేడే అచటి ప్రార్థనామందిరమున బాంబు ప్రేలి నలుగురు బాలికలు మరణించిరి. ఈ రక్తము, ఈ కన్నీరు వృథా పోలేదు. 1964 జులై 2న పౌరహక్కుల చట్టము, 1965 ఆగస్టు 6న ఓటుహక్కు చట్టము వచ్చినవి. ఆ తరంగముననే 1965 అక్టోబరు 3న జాన్సన్ అధ్యక్షుడు జాతినిబట్టి వాటాలు పంచు వలస విధానమును రద్దుచేయు చట్టముపై సంతకము చేసెను. మన వైద్యులు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో పోవుటకు వీలైనది ఆ పిదపనే. హెచ్-1బి అను నేటి వీసా 1990నాటి చట్టముతో రూపు దాల్చినది.

కొందరిట్లందురు: "ఆ చట్టము చేసినవారు మనలను తలచి చేయలేదు, వారికి పనివారు కావలసివచ్చిరి, రష్యాతో పోటీలో లోకమున మంచిపేరును కావలసివచ్చినది." నిజమే, మేము కాదనము. కాని పనివారి అవసరము 1924లోను లేకపోలేదు. అయినను ఆనాడు తలుపు మరింత బిగించిరి. రంగునుబట్టి మనుష్యుని కొలుచుట సిగ్గుచేటను భావము శాసనసభ గడప దాటినప్పుడే ఆ గడియ జారినది. ఆ సిగ్గును పుట్టించినవారు నల్లవారు.

అట్టివారి యెడల మన యిండ్లలో జరుగుచున్నదేమి? విమానమెక్కబోవు కుమారునికి తల్లి చేయు మొదటి హితబోధ, నల్లవారున్న వీధిలో ఇల్లు తీసికొనవద్దని. తండ్రి చేయు రెండవ హితబోధ, మనవారితోనే కలసి యుండుమని. "మనవారు" అనగా తెలుగువారని కాదు, స్వకులమువారని. ఉప్పల్ మెట్రోలో ప్రక్కవాని కులమడుగక భుజము భుజము తగిలించి ప్రయాణముచేయు మనము, అమెరికా సంబంధము మాట రాగానే కట్నమును, కులమును, పిల్ల రంగును త్రాసులో నిడుదుము. 1790లో అమెరికావారు వ్రాసిన "తెల్లజాతి" షరతునకు, మన వివాహ ప్రకటనలలోని "తెల్లని వధువు" షరతునకు భేదమేమి? వారు తమ షరతును సిగ్గుపడి కొట్టివేసిరి. మనది నేటికిని అచ్చగుచున్నది. ఈ ఉప్పల్ మార్గముననే యున్న సీసీఎంబీ శాస్త్రజ్ఞులు విదేశ పండితులతో కలసి 2009లో ప్రకటించిన పరిశోధన, మన దేశపు దాదాపు అన్ని సమూహములును ప్రాచీనమైన రెండు జనవర్గముల కలయికయే యని చూపినది. ఇక స్వచ్ఛరక్తపు గొప్ప యెవనికి? కులమును సముద్రము దాటించితిమి గనుకనే 2023లో సియాటిల్ నగరము కులవివక్షను నిషేధించుచు చట్టము చేయవలసివచ్చినది.

మనుమల మాట యొకటి చెప్పవలెను. అమెరికా గడ్డపై పుట్టినవాడు పౌరుడగునను నియమము 1868నాటి 14వ రాజ్యాంగ సవరణ ఫలము. విముక్తులైన బానిసలకై వ్రాయబడినది. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ అను చీనాదేశీయుల కుమారుని వ్యాజ్యమున అది ఆసియావారి బిడ్డలకును వర్తించునని తేలినది. 2025 జనవరి 20న ట్రంప్ అధ్యక్షుడు తాత్కాలిక వీసాలవారి బిడ్డలకు ఆ హక్కు లేదని ఉత్తరువు చేయగా, నాచారములోని తాతలు గుండెలు పట్టుకొనిరి. న్యాయస్థానములలో ఆ ఉత్తరువునకు అడ్డుపడిన ఆయుధము ఆ బానిసల సవరణయే. మీ మనుమని ఊయల త్రాడు ఎవరి చేతులు పేనినవో ఇప్పుడైనను గ్రహింపుడు.

మహాత్మా జోతిరావు ఫూలే 1873లోనే తన "గులాంగిరీ" గ్రంథమును బానిసత్వ నిర్మూలనమునకై పాటుపడిన అమెరికా జనులకంకితము చేసెను. మనకు మార్గము చూపువారు లేకపోలేదు. ఈ పేటలకు కొద్దిదూరముననే, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణమున, 1964లో అమెరికా అధ్యయనమునకై ఒక పరిశోధన కేంద్రము గొప్ప గ్రంథాలయముతో వెలసినది. చదువుటకు సాధనములును లేకపోలేదు. లేనిది చదువవలెనను బుద్ధి.

కనుక మేము కోరునదింతే. ప్రయాణమగు బిడ్డ పెట్టెలో ఆవకాయ జాడీ ప్రక్కన ఆ దేశపు నల్లవారి చరిత్ర పుస్తకమొకటి యుంచుడు. మెట్రిమొనీ ప్రకటనలో కులమును, రంగును కొట్టివేయుడు. రేపటి దినమున మీవాడు అచట అద్దెకు తీసికొనిన యింటి ప్రక్కన నల్లవారి కుటుంబము కలదని వ్రాసినచో, ఇల్లు మారుమని జాబు వ్రాయకుడు. వారింటికి పోయి నమస్కరింపుమని వ్రాయుడు.