వేకువకల సాక్ష్యము

తెల్లవారుజామున వచ్చిన కల నిజమగునను నమ్మకము మన యిండ్లలో ఎంత లోతుగా నాటుకొన్నదో, ఎవరైన పొద్దున లేచి తమ కల చెప్పబోవగనే ‘ఎన్నింటికి వచ్చినది?’ అని పెద్దలు అడుగు ప్రశ్నయే చాటుచున్నది. కనబడినదేమి యన్నది తరువాతి మాట. ముందు జాము తేలవలెను. తొలిజాము కల ఏడాదికిని, రెండవజాముది ఆరు నెలలకును, మూడవది మూడు నెలలకును, నాల్గవది నెలకును, అరుణోదయవేళ వచ్చినది పది దినములకును ఫలించునని మత్స్యపురాణము గడువులు పెట్టినది. ఇంత గడువున్నపుడు ఫలింపని కల యెట్లుండును? ఏడాది తిరుగులోపల జ్వరమో, పెండ్లియో, అప్పో, బదిలీయో, బంధుమరణమో సంభవింపని కుటుంబ మెక్కడైనను కలదా? పైగా, కలలో తాను చనిపోయినట్లు కనబడిన ఆయుర్వృద్ధి యనియు, మంచికల వచ్చిన మరల నిద్రింపరాదనియు, చెడుకల వచ్చిన మరల నిద్రింపవలెననియు, అప్పటికిని భయము తీరనిచో శాంతి చేయింపవలెననియు ఏర్పాట్లున్నవి. శాంతి పిమ్మట కీడు కలుగనిచో శాంతి ఫలించినది. కలిగినచో కల ఫలించినది. ఎటు పడినను గెలుచునట్లు అమర్చిన పందెమిది.

అయితే వేకువకలకే యింత గౌరవమేల కలిగెనను ప్రశ్నకు చక్కని సమాధానమున్నది. అది పురాణములలో గాక శరీరములో నున్నది. 1953లో షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనువారు, నిద్రితుని కనుగ్రుడ్లు రెప్పల క్రింద వేగముగ కదలు వేళలు కొన్ని గలవనియు, ఆ వేళలందు లేపినవారిలో పెక్కుమంది తాము కలగనుచుంటిమని చెప్పుదురనియు ప్రకటించిరి. ఈ దశ సుమారు గంటన్నర కొకసారి మరలివచ్చును. తొలిసారి కొద్ది నిమిషములే యుండి, రాత్రి గడచుకొలది దీర్ఘమగుచు, తెల్లవారుజామునకు మిక్కిలి నిడివి గలదగును. ఆ వెంటనే మెలకువ వచ్చుటచేత ఆ కల జ్ఞాపకముండును. తొలిజాము కలలు మీది నిద్రలో కరగిపోవును. కావున మన పూర్వులు గమనించిన విషయము సత్యమే, వేకువకల స్ఫుటముగ నుండును. స్ఫుటముగ నున్నది గనుక నిజమై తీరునని తేల్చుటయే వారు చేసిన తొందరపాటు.

ఇంక ‘మా పెదనాన్న పోయినట్లు కల వచ్చినది, మరునాడే కబురు వచ్చినది’ అనువారి మాట. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడియున్నారు. ఒక్కొక్కరు ఏడాదికొక్కసారి మాత్రమే ఆప్తుడెవరో మరణించినట్లు కలగందురనుకొన్నను, ప్రతిరాత్రియు అట్టి కలలు 2 లక్షలకు మించును. ఏటేట వెయ్యిమందికి ఆరుగురు చొప్పున మరణించుచున్నారని లెక్కించినచో, కలకును చావునకును ఏ సంబంధమును లేకున్నను, దినదినమును తెలుగువారిలో ముగ్గురు నలుగురికి రాత్రి కల నిజమై తీరవలెను. వృద్ధులను, రోగులను గూర్చియే అట్టి కలలు ఎక్కువగ వచ్చునని తలచినచో ఆ సంఖ్య యింకను పెరుగును. ఆ నలుగురి మాట ఊరూర పాకును. పెదనాన్న నిక్షేపముగ లేచి పేపరు చదువుకొనుచున్న తక్కిన 2 లక్షల యిండ్లలో ఎవరును ఏమియు చెప్పుకొనరు.

చరకసంహితలోని ఇంద్రియస్థానము కలలను ఏడు విధములుగ విభజించి, చూచినవి, విన్నవి, అనుభవించినవి, కోరినవి, ఊహించినవి అను మొదటి అయిదింటిని నిష్ఫలములని త్రోసివేసినది. పగటికలలకును అదే గతి పట్టినది. మిగిలినవి భావిని సూచించునవి, వాతాది దోషములవలన పుట్టినవి, రెండే. పంచాంగకర్తకంటె వైద్యుడు ఎంత జాగరూకుడో చూడుడు! భావికమును గూడ త్రోసివేసి దోషజము నొక్కదానిని ఉంచుకొందుమన్నచో నాకు చరకునితో పేచీయే లేదు. ఊపిరాడక గొంతు నులిమినట్లు రాత్రిరాత్రికి కల వచ్చువాడు శాంతిహోమము మాని, తన గురకను గూర్చి వైద్యుని సంప్రదించుట అన్నివిధముల మేలు.

కలను నిత్యజీవితమున ఉపయోగించుకొనరాదా యని అడుగువారు శ్రీకృష్ణదేవరాయలను చూపవచ్చును. కళింగ దండయాత్రలో కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణుని సేవించి, ఏకాదశి ఉపవాసముండి నిద్రించిన రాయలకు, ఆ రాత్రి నాల్గవజామున స్వామి కనబడి తెలుగున కావ్యము రచింపుమని ఆదేశించినట్లు ఆముక్తమాల్యద పీఠిక చెప్పుచున్నది. ఇది కవిసంప్రదాయమనుకొనక ఉన్నదున్నట్లు నమ్మినను, ఆ స్వామి రాయలకు తెలియనిదేమి చెప్పెను? రాయలు సంస్కృతమున రచించిన గ్రంథములనే ఏకరువుపెట్టి, ఇక తెలుగున నొకటి చేయుమనెను. తెలుగుసీమ నడుమ, విష్ణుభక్తుడైన కవిరాజు, ఉపవాసముతో పరుండి మరేమి కలగనును? ఆజ్ఞ కలది కావచ్చును. ఆరాశ్వాసములు వ్రాసినది మేలుకొన్న పాండిత్యము.

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున ఆటో లోవీ అను శాస్త్రజ్ఞుని కథయు ఇట్టిదే. నాడులు రసాయనద్రవ్యముల ద్వారమున అవయవములను శాసించునేమో యను ఊహ 1903 నాటికే ఆయనకు కలదు. దానిని పరీక్షించు ఉపాయము చాల యేండ్లకు నిద్రలో తోచినది. లేచి కాగితముపై గీకికొన్న వ్రాత తెల్లవారి ఆయనకే అర్థము కాలేదు. మరునాటి రాత్రి అదియే మరల తోచగా, ఈసారి కాగితమును నమ్మక, మూడుగంటలవేళ ప్రయోగశాలకు పోయి, రెండు కప్పల గుండెలను తీసికొని, ఒకదాని నాడిని ప్రేరేపించి నెమ్మదింపజేసి, అందలి ద్రవమును రెండవదానికి పోయగా అదియు నెమ్మదించెను. 1936లో హెన్రీ డేల్‌తోపాటు ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. కప్పగుండెలు ఒప్పుకొనకుండినచో ఆ కలయు తొలిరాత్రి వ్రాతవలెనే వ్యర్థమైయుండెడిది.

అట్టి పరీక్షకు ఓపిక లేనిచోట ఏమి జరుగునో 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా డౌండియా ఖేరాలో దేశమంతయు చూచినది. 1857 తిరుగుబాటు తరువాత ఉరితీయబడిన రాజా రావ్ రాంబక్ష్ సింగ్ తన కలలో కనబడి, శిథిలమైన కోట క్రింద 1000 టన్నుల బంగారమున్నదని తెలిపెనని శోభన్ సర్కార్ అను సాధువు చెప్పగా, భారత పురావస్తు శాఖ తవ్వకమునకు దిగినది. ఆనాడు రిజర్వు బ్యాంకునకు గల బంగారము సుమారు 558 టన్నులు. ఒక చిన్న సంస్థానాధిపతి దానికి దాదాపు రెండింతలు మట్టిలో పూడ్చిపెట్టగలడా యని లెక్క వేయుటకు ఎవ్వరికిని తీరిక లేకపోయినది. భూగర్భ శాఖ నివేదిక ఆధారముగ దిగితిమని పురావస్తు శాఖవారు చెప్పుకొనిరి గాని, ఆ సర్వేక్షణకైనను కలయే గదా మూలము! మన తెలుగునాటను, కలలో అమ్మవారు చూపెననియో, అంజనములో కనబడెననియో చెప్పు మాంత్రికుల వెంట గుప్తనిధులకై పోయి, పాడుపడిన శివాలయములలో నందివిగ్రహములను పెకలించువారు లేకపోలేదు. డౌండియా ఖేరాలో బంగారము రాలేదు. కొద్దికాలమునకే తవ్వకము నిలిపివేసిరి. కుండపెంకులు, ఇటుకలు బయటపడినవి. పురావస్తువేత్తలకు అవి విలువైనవే. వానిని గూర్చి మాత్రము సాధువునకు ఏ రాజును కలలో చెప్పియుండలేదు.