ముందు తష్ఖీస్, తర్వాతే ఇలాజ్

మా కారుకి ఇరవై ఏళ్లు దాటాయి. చిన్న పెట్రోల్ బండి. కిందటి ఎండాకాలం అమ్మీని కంటి డాక్టరుకి చూపించి ఇంటికి తెస్తుంటే మెహదీపట్నం దాటాక ఆగిపోయింది. దగ్గలేదు, ఝట్కా ఇవ్వలేదు. లైటు ఆర్పినట్టు ఆగింది. బ్రేకు రాయిలా గట్టిపడింది, స్టీరింగ్ బరువెక్కింది. ఎలాగో పక్కకి తీశాను. తాళం తిప్పితే ఇంజన్ గిరగిరా తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. వెనక హారన్ల గోల. కంటికి పట్టీతో అమ్మీ, "ఉతర్ జావూఁ క్యా బేటా?" అంటోంది. అరగంట తర్వాత అదే బండి ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

అక్కడినుంచి నా పరేషానీ మొదలు. మొదటి మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. మూడు రోజులకి మళ్లీ అదే కథ. రెండో అతను కాయిల్ అన్నాడు, మార్చాడు. మూడో గ్యారేజీలో పెట్రోల్ పంపు మార్చారు. పదకొండు వేలు ఖర్చయ్యాయి. నాలుగో చోట "బండి కంప్యూటరే పోయింది సాబ్, కొత్తది వేద్దాం" అన్నారు. బండి ఎలా ఆగుతోందని నలుగురిలో ఒక్కరూ అడగలేదు.

నా మాట సాఫ్‌గా చెబుతాను. అందాజా మీద సామాను మార్చడం మరమ్మతు కాదు, జూదం. ఆడేది వాళ్లు, పైసలు మనవి. నేను విలేకరిని. నిజమో కాదో తేల్చుకోకుండా వార్త పంపితే డెస్కులో ఊరుకోరు. బండి విషయంలో మాత్రం మనం అందరం ఊరుకుంటున్నాం.

చివరికి ఒక దోస్త్ పుత్లీబౌలిలో ఒక బుజుర్గ్ మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన బానెట్ ఎత్తకముందే మూడు సవాళ్లు వేశాడు. దగ్గుతూ ఆగిందా, ఒక్కసారిగా ఆగిందా? ఆగాక తాళం తిప్పితే ఇంజన్ తిరుగుతోందా? ఎంతసేపటికి మళ్లీ లేస్తోంది?

ఈ మూడింటిలోనే సగం తష్ఖీస్ ఉందని అప్పుడు అర్థమైంది. దగ్గుతూ, ఈడ్చుకుంటూ ఆగితే ముందు పెట్రోల్ వైపు చూడాలి. లైటు ఆర్పినట్టు ఆగితే ముందు కరెంటు వైపు. తాళం తిప్పినా ఇంజన్ తిరగకపోతే బ్యాటరీ, దాని టెర్మినళ్లు, ఎర్త్ వైరు, స్టార్టర్ చూడాలి. తిరిగి కూడా అందుకోకపోతే స్పార్కో పెట్రోలో అందడం లేదని. వేడి మీద ఆగి, చల్లారాక లేస్తుంటే వేడికి ఏదో సామాను ప్రాణం వదులుతోందని.

"నడుస్తున్న బండికి నబ్జ్ ఏం చూస్తాం సాబ్, బీమారీ రానీ" అన్నాడు. ఎండలో ఇంజన్ ఆన్ చేసి పెట్టాడు. మేం చాయ్ తాగాం. నలభై నిమిషాలకి ఆగింది. అప్పుడు లేచాడు. తాళం సగం తిప్పి, వెనక సీటు దగ్గర చెవి పెట్టమన్నాడు. పంపు రెండు క్షణాలు గుయ్‌మంది. పంపుకి కరెంటు అందుతోందన్నమాట. తాళం పూర్తిగా తిప్పి ఆర్‌పీఎం ముల్లు చూడమన్నాడు. ఇంజన్ తిరుగుతున్నా ముల్లు సున్నా దగ్గరే ఉంది. షాగిర్ద్‌తో స్పార్క్ చూపించాడు, లేదు. అప్పుడు ఇంజన్ కింద క్రాంక్ సెన్సార్ మీద తడిగుడ్డ వేశాడు. పది నిమిషాలకి బండి లేచింది.

ఇంజన్ తిరుగుతోందని బండి కంప్యూటర్‌కి చెప్పేది ఆ సెన్సారే. అది చెప్పకపోతే కంప్యూటర్ స్పార్క్ ఇవ్వదు, పెట్రోలూ వదలదు. మళ్లీ వేడెక్కించి, ఆగాక మీటర్ పెట్టి కొలిచాడు. లోపలి తీగచుట్ట వేడికి తెగిపోయి, చల్లారాక కలుసుకుంటోంది. కొత్త సెన్సార్ తొమ్మిది వందలు. తన మెహనత్‌కి నూటయాభై అడిగాడు.

ఆ నూటయాభై దగ్గరే నాకు సిగ్గేసింది. మెకానిక్‌లంతా చోర్‌లని తిట్టడం సులువు. కానీ మనం దేనికి పైసలిస్తున్నాం? డాక్టరు మందు రాయకపోయినా ఫీజు ఇస్తాం. మిస్త్రీ రెండు గంటలు కూర్చుని మర్జ్ పట్టుకుంటే "ఏం మార్చావని ఇంత?" అంటాం. సామానుకే తప్ప ఇల్మ్‌కి పైసలు ఇవ్వని చోట సామానే మారుతుంది. ఆ ఉస్తాద్ దగ్గర హునర్ నేర్చుకునే కుర్రాళ్లు ఎందుకు నిలబడతారు?

స్కానర్ ఉంది కదా అంటారు. పాత బండ్లలో కొన్నిటికి అది అతకదు. అతికినా అది చూపే కోడ్ ఫలానా సర్క్యూట్‌లో గడబిడ ఉందని చెబుతుంది. సెన్సార్ పోయిందా, దాని వైరు తెగిందా, ప్లగ్ వదులైందా అన్నది మనిషే చూడాలి. కోడ్ గవాహీ మాత్రమే, ఫైసలా కాదు.

అందుకే నా దర్ఖాస్తు ఇంతే. బండి ఆగితే ముందు హజార్డ్ లైట్లు వేసి పక్కకి తీయండి. స్టార్టర్ వేడెక్కేదాకా తాళం తిప్పకండి. ఎలా ఆగింది, ఇంజన్ వేడి ఎంత, ఎంతసేపటికి లేచింది, కాగితం మీద రాసుకోండి. గ్యారేజీలో ఒక్క మాట అడగండి: "ఏ టెస్టు చేసి ఈ సామాను పోయిందంటున్నారు?" ఆ టెస్టుకి విడిగా ఫీజు ఇస్తామని ముందే చెప్పండి. తీసేసిన పాత సామాను తిరిగి అడగండి.

నేను ఉస్తాద్ చేతిలో ఐదు వందలు పెట్టాను. ఆయన వద్దన్నాడు, నేను వినలేదు. బయల్దేరుతుంటే డిక్కీలో పడున్న పాత కాయిల్ తీసి మీటర్ పెట్టి చూశాడు. "ఇది దురుస్త్‌గానే ఉంది సాబ్" అని తిరిగి ఇచ్చాడు.